కొంగలగడ్డ మీద ఏమీ లేదు

యాభై అయిదో సంవత్సరం, ఎండాకాలం, ఎమ్మిగనూరులో బస్సులు ఆగే చోట. సుంకన్నకు అబద్ధమాడే అలవాటు లేదు, అందుకే ఈ పనికి ఊరంతా కలిసి అతన్నే ఎన్నుకుంది. పక్కన పెండ్లాం రామక్క, దోసపండ్ల గంపతో.

"మల్లా ఒగసారి సెప్పు. జింకలు?"

"ల్యావు."

"నీటికుక్కలు?"

"ల్యావు. ఎన్నిసార్లమ్మే?"

"నెమిళ్ళు?"

"నెమిళ్ళు ఇంతకుముందు ఉండేవి గానీ, ఇప్పుడు..."

"సూస్తివా. ఉండేవంటే యాడికి పోయినాయని అడగడా జంతువుల్ని సూసేదానికొచ్చే ఆ అయివారు? ల్యావంటే ల్యావు. దానికి ముందొక మాట, ఎనకొక మాట పెట్టొద్దు."

"నా నోరు ఎండుకపోతాంది రామక్కా. భీమన్నను పంపియ్యాల్సింది. వానికైతే మాట తిరుగుతాది."

"భీమన్న తెల్లారిందని సెప్పినా బయటికొచ్చి సూసుకుంటారు జనాలు. నీ మొగం సూసి నమ్ముతారనే గదా నిన్ను పంపించింది."

"నిన్న సాయంత్రం నుంచి నా మనసు మనసులో ల్యాదే. ఎండాకాలమంతా మన గొర్రెలతో కలిసి మేసే జింకలవి. నన్ను సూస్తే తల గూడా ఎత్తవు. అట్లాటివాటికి నేనే కుక్కల్ని ఇడిసి, తప్పెట కొట్టి ఎంటబడితి. అవి బెదిరి నీల్లల్లోకి దూకినప్పుడు, ఆ పెద్ద పోతు ఎనక్కి తిరిగి నన్నే సూసింది. ఈడు సుంకన్నేనా అన్నట్టు సూసింది."

"నేను మాత్రం సల్లగా ఉంటినా? నాలుగు దినాల జింకపిల్లను సంకనేసుకోని ఏరు దాటింది ఎవురు? ఆ తల్లి నా ఎనకాలే వచ్చె. నాకూ ఏడుపొచ్చింది. ఏం జేస్తాం, మన గొర్రెలు బతకల్ల గదా."

"నిజంగా ఏటి నడుమ మన గడ్డకు కంచె ఏస్తారంటావా?"

"మా యన్న ఊరి గుట్టకు ఏమాయ? ఎవరో ఒకాయన వచ్చినాడు, నెమిళ్ళు శానా ఉండాయే అని సంబరపడినాడు, పుస్తకంలో రాసుకోని పోయినాడు. మూన్నెల్లకు గుట్ట సుట్టూ కంచె. తెలియక లోపలికి పోయిన మా యన్న మేకల్ని బందెలదొడ్లో పెట్టిరి. ఈయన గూడా పుస్తకం పట్టుకొస్తాడంట."

"ఊ."

"ఊ అనేది కాదు. కరువు సంవత్సరం గంజి కోసం మనం చెంబు పట్టుకోని నిలబడితిమి. గొర్రెలకు ఎవరు పోసిరి గంజి? ఆ గడ్డ మీది గడ్డి లేకుంటే ఒగటి మిగిలేదా? అది పోతే ముప్పై ఇండ్లు పోతాయి, అంతే. అద్దో, దుమ్ము లేస్తాంది. జీపే అది. పో. సెవి గోక్కోవద్దు. అబద్దం సెప్పేటప్పుడు సెవి గోక్కుంటావు నువ్వు."

జీపు ఉత్తరానికి తిరిగింది. ముందు డ్రైవరు ప్రభుదాసు, పక్కన ఆదోని బడిపంతులు విశ్వేశ్వరయ్య. వెనక, వీలైనంత వెనక, సుంకన్న.

"ముందుకు జరిగి కూర్చో సుంకన్నా. వెనక్కి తిరిగి మాట్లాడితే నా మెడ పట్టుకుంటుంది."

"ఈడ బాగుంది సామీ."

"సరే. నా పేరు విశ్వేశ్వరయ్య. మా ఇంట్లో అందరిదీ పత్తి వ్యాపారం. నేనొక్కణ్ణే ఇట్లా, పిట్టల పిచ్చోణ్ణి. మా అన్నదమ్ములు నన్ను లెక్కలోంచి తీసేసినారు. ఇతను ప్రభుదాసు."

"సలాం సుంకన్నా. పత్తి మోసినా, పెండ్లివాళ్ళను మోసినా. పిట్టల్ని ఎతికేదానికి పెట్రోలు కాల్చేది మాత్రం ఈరోజే చూస్తాండా."

"కాల్చేది నా పెట్రోలు కాదులే దాసూ. నువ్వు నడుపు. సుంకన్నా, కొంగలగడ్డ గురించి నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదంట గదా?"

"ఎవురు సెప్పిరి సామీ?"

"మీ ఊరోళ్ళే. ఏ పొదలో ఏముందో సుంకన్నకు తెలుసు అన్నారు."

"పొదలో ఏముంటాది సామీ. ముండ్లు."

"జింకలున్నాయని విన్నానే?"

"ల్యావు."

"నీటికుక్కలు?"

"ల్యావు."

"నెమ..."

"ల్యావు సామీ."

"పూర్తిగా అడగనీ అప్పా. చెవికి ఏమయింది, గోకి గోకి ఎర్రగా చేసినావు?"

"చీమ సామీ."

"దాసూ, ఆపు. ఆపు బండి. ఆ చేన్లో చూడు, కొర్ర మళ్ళకు ఆ పక్క. తెల్లటి మెడ."

"గొర్రె సామీ అది."

"గొర్రె రెండు కాళ్ళ మీద నిలబడుతుందా సుంకన్నా?"

"అరె, అయ్యవారూ, పిల్లోడంత ఎత్తుంది. నడుస్తాంది చూడు, తహసీల్దారు లెక్కన."

"బట్టమేక పిట్ట. బట్టమేక. మా నాయన చెప్తే నేను నమ్మలేదు. నలభై మూడేండ్లకు చూసినాను. చూడు దాసూ, చూడు."

"నన్ను గూడా చూడనీ, దుర్బిణి ఇట్లియ్యి."

"ఇది కొంగలగడ్డ మీద కనబడింటే ఎంత బాగుండు. ఇంక ఏమీ చూడకుండా ఇక్కడి నుంచే ఇంటికి పోయేవాణ్ణి."

"ఈడ కనపడింది రాసుకోరా సామీ?"

"గడ్డ మీద ఉన్నవే రాయాల. నా కళ్ళతో చూసినవే రాయాల. ఒకరు చెప్పింది, అడుగుల గుర్తు, ఈక, ఇవేవీ పనికిరావు."

"యాల సామీ అంత కట్టడి?"

"ఏదోలే. వాళ్ళు పెట్టిన షరతు. పద దాసూ."

ఏటి మధ్యలో గడ్డ. గడ్డ నిండా ఇల్లంత బండలు, బండల సందుల్లో పచ్చిక.

"ఈ నీళ్ళు ఇంజన్లోకి పోతే ఆదోనికి నేను ఈదుకుంటా పోవల్ల."

"మోకాలి లోతే దాసన్నా. ఎడమకు పట్టు. కుడిపక్క మడుగుండాది. ఆ నల్లబండను సూసుకోని పోనీ. ఆఁ, అట్ల."

"ఎంత బాగుంది సుంకన్నా. ఆదోని కొండ కింద పుట్టినవాణ్ణి, నాకు బండలు కొత్తా? కానీ నీళ్ళ నడుమ ఇట్లా ఒకదాని మీద ఒకటి... ఆ పైది పడదా?"

"మా తాత నాడు గూడా అట్లనే ఉండె సామీ. ఎంత వరదొచ్చినా ఈ బండలే గడ్డను పట్టుకోని ఉంటాయి. కింద సెమ్మ ఉంటాది. అందుకే ఎండాకాలం గూడా గడ్డి సావదు."

"ఎన్ని ఇండ్లవాళ్ళు మేపుకుంటారు?"

"ముప్పై. ఇది లేకుంటే మాకు బతుకు ల్యాదు సామీ. అది రాసుకోండి ముందు."

"నాకు రాయాలనే ఉంది. వాళ్ళిచ్చిన కాగితంలో దానికి గడి లేదు. జంతువులకే ఉంది గడి."

"జంతువులకు ఉండాది, మాకు ల్యాదా?"

"లేదప్పా. ఏం చేసేది?"

"అయ్యవారూ, ఇట్లా రా. ఇదేం గిట్ట గుర్తు?"

"జింకది. సుంకన్నా, చూడు, జింకది."

"గొర్రెది సామీ."

"గొర్రె గిట్ట ఇంత సన్నగా ఉంటుందా?"

"సన్న గొర్రె సామీ. మేత చాలక."

"ఈ పచ్చికలో మేత చాలలేదా?"

"అది... కొన్ని అట్లనే సామీ. ఎంత తిన్నా ఒంటికి పట్టదు."

"మా బావమరిది లెక్కన. కానీ సుంకన్నా, ఇవి ఒకటి రెండు కాదు. అన్నీ ఒక్కదిక్కే పోయినాయి. ఇసుక ఎట్లా చిమ్మింది చూడు. ఎవరో తరిమినట్టుంది."

"దాసన్నా, ఎండ మండుతాంది, టోపీ పెట్టుకో."

"ఏందప్పా, టోపీ సంగతి నేను అడిగినానా?"

"పోనీ దాసూ. గుర్తులు చూసి లాభం లేదని చెప్తిని గదా. పద, ఆ బండల వెనక చూద్దాం."

"ఆడికి వద్దు సామీ."

"ఎందుకు?"

"పాములు."

"పాములుంటే ఇంకా మంచిది. కొండచిలువ ఉన్నా చాలు."

"పాములు గూడా ల్యావు సామీ."

"ఇప్పుడే గదా ఉన్నాయంటివి?"

"ఉంటాయేమోనని భయపడితి. ల్యావు."

మధ్యాహ్నం. గడ్డకు ఉత్తరపు కొసన బండ నీడలో ముగ్గురు. ఎదురుగా సన్నగా పారే ఏరు, అవతలి ఒడ్డున తుమ్మచెట్లు.

"తిను సుంకన్నా. మా ఇంట్లో అన్నపూర్ణ నీకని గూడా కట్టిచ్చింది. పులిహోర."

"మీరు తినండి సామీ. నాకు ఆకలి ల్యాదు."

"పొద్దున్నుంచి నా వెంట ఎండలో తిరుగుతున్నావు, ఆకలి లేదంటావేంది? పట్టు చెయ్యి."

"మీరు ఇంత మంచిగా ఉంటే నాకు కష్టంగా ఉండాది సామీ."

"ఏమన్నావు?"

"ఏంల్యాదు. ఉప్పు బాగుంది అంటాండ."

"సుంకన్నా, నిన్నొకటి అడుగుతా. పొద్దున్నుంచి కాకులు, గోరింకలు తప్ప నేనేమీ చూడలేదు. ఇవి రాస్తే నవ్వుతారు, ఇవి బజార్లో గూడా ఉంటాయి. ఒక్కటి చాలు. ఒక్క జింక. ఒక్క నీటికుక్క. పొట్టిదో గుడ్డిదో, ఏదైనా సరే. నీకు దండం పెడతా."

"అంత మాట అనొద్దు సామీ. కనపడితే ఏం జేస్తారు?"

"రాస్తా."

"రాస్తే?"

"పైన చూసుకుంటారు."

"పైనోల్లు ఏం జేస్తారు సామీ? సెప్పండి. అది సెప్తే నేను..."

"నన్నడగొద్దు సుంకన్నా. నాకూ చెప్పాలనే ఉంది. మాటిచ్చినాను, చెప్పకూడదు."

"అట్లనే గుట్టకాడ గూడా... పోనీలే సామీ."

"ఏ గుట్ట?"

"ఏంల్యాదు."

"అయ్యవారూ. కదలొద్దు. అవతలొడ్డు. తుమ్మచెట్ల కింద."

"ఎక్కడ?"

"ఆ వంగిన చెట్టుకు ఎడమ పక్క. కొమ్ములు."

"దుర్బిణి ఇయ్యి. ఇయ్యి దాసూ, జల్దీ. జింకలు. ఒకటి, రెండు... ఆరు... పద్నాలుగు ఉన్నాయి. పిల్ల గూడా ఉంది, తల్లి కడుపు కింద. సుంకన్నా, చూస్తున్నావా?"

"సూస్తాండ సామీ."

"అన్నీ ఇటే చూస్తున్నాయి. ఎందుకు ఇటే చూస్తున్నాయి?"

"ఏమో సామీ."

"తమ ఇల్లు చూసుకున్నట్టు చూస్తున్నాయప్పా. ఇటు వస్తాయా?"

"రావు."

"వస్తాయి. ఆ పెద్దది ముందుకొస్తోంది. వచ్చి ఈ ఒడ్డున ఒక్క కాలు పెడితే చాలు నాకు. ఎవరూ మాట్లాడొద్దు. దాసూ, ఆ బీడీ ఆర్పు."

"ఆర్పినా. నీళ్ళల్లోకి దిగింది అయ్యవారూ."

"చూసినా. రెండోది గూడా దిగుతోంది. మెల్లగా... రా తల్లీ, రా. ఇంకో పది బారలు. ఇంకో అయిదు... అరె. సుంకన్నా. ఎందుకు లేచినావు? కూర్చో. ఆ తువ్వాల దించు. సుంకన్నా."

"పోయినాయి అయ్యవారూ. అన్నీ పోయినాయి."

"ఎందుకు లేచినావప్పా?"

"కాలు తిమ్మిరి పట్టింది సామీ."

"తువ్వాల ఎందుకు ఇసిరినావు?"

"ఈగలు."

"ఈగలంట. అయ్యవారూ, నేను చెప్తాండా, ఈ మనిషి..."

"ఊరుకో దాసూ. తిమ్మిరి పట్టింటుంది. సుంకన్నా, ఏడుస్తున్నావా నువ్వు?"

"ఎండ సామీ. కండ్లల్లో పడింది."

"నాకూ ఏడుపొస్తోంది. పోనీలే. ఇంకో రెండు గంటలు చూద్దాం."

పొద్దు వాలకముందే ఎమ్మిగనూరు తిరిగి వచ్చారు. పోస్టాఫీసు ముందు జీపు ఆగింది.

"వేసినావా దాసూ?"

"వేసినా. రిజిస్టరు చేసినా. రసీదు జేబులో పెట్టుకో. రేపు మధ్యాన్నానికి చేరుతుందన్నాడు."

"ఏమని రాసినారు సామీ?"

"ఏముంది రాయడానికి? కొంగలగడ్డ మీద కాకులు, గోరింకలు తప్ప ఏమీ లేవని రాసినాను."

"జింకలు?"

"అవతలొడ్డున కనబడినాయి, గడ్డ మీద లేవు. ఉన్నదే రాసినాను."

"ఇంగ దాన్ని మార్చేదానికి కాదు గదా?"

"కాదు. గడువు రేపటితో సరి, ఒక్కసారి పంపిన కాగితమే లెక్క. ఎందుకట్లా చూస్తున్నావు? దిగు, మీ ఆడమనిషి అదిగో, దోసపండ్ల గంపతో ఎదురు చూస్తోంది."

"దిగుతా. ఒక మాట సెప్పి దిగుతా సామీ. సెప్పకుంటే ఈ పూట నాకు సంగటి దిగదు. మీరు కొట్టినా సరే."

"నేనెందుకు కొడతానప్పా. చెప్పు."

"నాకు కాలు తిమ్మిరి పట్టలేదు."

"నేను అప్పుడే అనుకున్నా అయ్యవారూ."

"ఉండు దాసూ. చెప్పనీ."

"ఆ జింకలు గడ్డ మీదివే సామీ. మా తాత నాటి నుంచి ఆడనే ఈనుతాయి, ఆడనే సస్తాయి. బండల సందులో నీటికుక్కల బొరియలుండాయి, నిన్ననే పొగపెట్టి ఎల్లగొడితిమి. నెమిళ్ళు ఇరవైకి తక్కువ ల్యావు. అన్నిటినీ నిన్న సాయంత్రం మేమే తోలేసినాము. నేనే ముందుండి తోలినా. మీరు బండల ఎనకకు పోతామంటే నేను పాములని సెప్పి ఆపింది ఎందుకనుకున్నారు? ఆడ బొరియ కాడ పొగ వాసన ఇంకా పోలేదు."

"ఎందుకు చేసినావు సుంకన్నా ఈ పని?"

"మీరు సూస్తే రాస్తారు. రాస్తే గడ్డకు కంచె ఏస్తారు. మా గొర్రెలు యాడికి పోవల్ల? మా యామె అన్న ఊరి గుట్టకు అట్లనే ఏసిరి. మీరు మంచోల్లు సామీ. పెట్టి తినిపిస్తిరి. మీకు అబద్దం సెప్తాంటే నా నాలుక నాకే రోత పుట్టింది. ఇప్పుడు కాగితం పోయింది గదా, మా గడ్డ మాకు మిగిలింది గదా, అందుకే సెప్తాండ. మన్నించండి."

"కంచె వేస్తారని నీకెవరు చెప్పినారు?"

"ఎవురూ సెప్పలేదు. మేమే అనుకుంటిమి."

"నన్ను ఒక్క మాట అడగాల్సింది."

"అడిగినా సామీ. రాస్తే పైనోల్లు ఏం జేస్తారని అడిగినా. నన్నడగొద్దు అంటిరి."

"అవును. అంటిని. నాదే తప్పు. ఊరోళ్ళకు చెప్పొద్దని వాళ్ళు నా దగ్గర మాట తీసుకున్నారు. రాయి సంగతి తెలిస్తే పులులున్నాయి, ఏనుగులున్నాయి అని ఊరంతా ఒక్కటై చెప్తారు, ఒక్క మాట గూడా నమ్మేదానికి ఉండదు అన్నారు. నేను సరే అంటిని."

"రాయి సంగతేంది సామీ?"

"కొత్త కాలవ కట్టే ఆఫీసర్లకు రాయి కావాల సుంకన్నా. ఆ గడ్డ మీది బండలన్నీ మందుపెట్టి పేల్చి తీసుకుపోతామంటే, వద్దు, అక్కడ ప్రాణులుంటాయని నేనే అడ్డం పడినాను. సరే, పోయి చూడు, ఒక్క జింక నీ కంట పడినా ఆ గడ్డ జోలికి రాము అన్నారు."